చాటెడు తవుడు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. ఏమరుపాటున నా నోటి నుంచి "నా బిడ్డ" అనే మాట జారుతుందని, ఆ మాట విని మృత్యువు పిల్లను ఎత్తుకుపోతుందని.

చదివేవాళ్లు నవ్వుకోవచ్చు. నేను మూడో తరగతి దాకా చదివాను. నాలుగో తరగతి పుస్తకం కొన్న వారానికే పెండ్లి చేశారు. ఆ మూడు తరగతుల్లో ఇట్లాంటి భయానికి మందు ఎక్కడా రాసిలేదు. నా మొదటి కొడుకు పదకొండు రోజులు బతికాడు. రెండోవాడు ఎనిమిది నెలలు బతికి, బోర్లాపడి నవ్వడం నేర్చుకున్నాక పోయాడు. మూడో కాన్పులో ఆడపిల్ల పుట్టగానే మా అత్త హన్మవ్వ నా మంచం పక్కన కూర్చుని తీర్పు చెప్పింది.

"ఇది నీ బిడ్డ గాదు సుభద్రా. నీదంటే నిలుస్తలేదు. అమ్మేద్దాం."

అట్లా అమ్మాం. మా తాలూకాలో ఈ పని చేయని వాడకట్టు లేదు. దొడ్లో పెంటకుప్ప మీద పిల్లను పడుకోబెట్టాం. గోడ అవతలి ఇంటి ఖుర్షీద్ బేగం చాటెడు తవుడు తెచ్చి మా అత్త కొంగులో పోసి, పిల్లను ఎత్తుకుని "ఈ పొద్దుకెల్లి ఇది నా బిడ్డ" అన్నది. ఆమె మొగుడు అజీముద్దీన్ దర్జీ. వాళ్లకు ఐదుగురు పిల్లలు, ఐదుగురూ రాళ్లలాగా ఉన్నారు. అందుకే ఆమె చెయ్యి మంచిదని మా అత్త నమ్మకం. ఆ తవుడు మా బర్రె తిన్నది. పిల్లకు పెంటవ్వ అని పేరు పెట్టాం. ఐదేండ్లు నిండినాక చాటెడు తవుడు తిరిగి ఇచ్చి కొనుక్కోవాలని మాట.

ఆలోగా పిల్ల మా ఇంట్లోనే తినాలి, నా పక్కలోనే పడుకోవాలి, కానీ నన్ను "అక్కా" అని పిలవాలి. నేను ఆపా అని పిలిచే ఖుర్షీద్ బేగంను "అమ్మీ" అనాలి. ఎవరి బిడ్డవని ఎవరడిగినా "ఖుర్షీద్ బేగం బిడ్డను" అని చెప్పాలి. మాటలు వచ్చిన నాటి నుంచి మా అత్త దానికి నేర్పిన పాఠం అదే. రోజూ పొద్దున మొహం కడిగేటప్పుడు అడిగేది, అది చెప్పేది. చెప్పాకనే గటక పెట్టేది.

ఐదేండ్లకు ఇంకా నాలుగు నెలలు ఉందనగా జరిగింది ఈ సంగతి. నిజాం సర్కారు లెక్కలో ఫసలీ పదమూడు వందల నలభై తొమ్మిది, ఎండాకాలం. మా ఊరు ఎల్లారెడ్డికి కోసెడు దూరం. ఊరి పేరు రాయను. ఠాణా పేరు, అక్కడి పోలీసు అధికారి అమీను పేరు కూడా రాయను. రాస్తే మళ్లీ పిలుస్తారు.

ఆ మంగళవారం పొద్దున నేను వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్నాను. గోడ మీదుగా ఖుర్షీద్ ఆపా తల కనబడింది.

"సుభద్రా, కామారెడ్డికి పోతున్నం. మా చెల్లెకు కాన్పు అయింది. బొంతలు ఇచ్చి బేస్తారం నాటికి వస్తం."

"అమ్మీ, నేనొస్త," అన్నది పెంటవ్వ, చింతగింజలు పాతగుడ్డలో మూటకట్టుకుంటూ.

"నువ్వొస్తే బండి బరువైతది బిడ్డా. నీకు చక్కెర చిలుకలు తెస్త."

బండి పోయింది. పగటికి అన్నం వేళ చూస్తే పిల్ల లేదు. వాడకట్టంతా తిరిగాను. మా అత్త మాత్రం తొణకలేదు.

"ఖుర్షీద్ బండ్లనే ఉంటది తియ్. పోయినేడు దోమకొండకు పోయినప్పుడు గిట్లనే బొంతల నడుమ దాసుకొని పోలేదా? ఊరు దాటినంక బయటికొచ్చి నవ్వింది, దొంగముండ."

నిజమే, అట్లా పోయింది. మా ఆయన బాలనర్సయ్య కూడా పొలం నుంచి వచ్చి అదే అనుకున్నాడు. నేనూ నమ్మాను. అమీను మీద కన్నా, అత్త మీద కన్నా, ఇప్పటికీ నాకు ఎక్కువ కోపం వచ్చేది ఆ నమ్మి ఊరుకున్న రెండు రోజుల మీదనే.

గురువారం పొద్దు గుంకే ముందు బండి వాకిట ఆగింది. ఖుర్షీద్ ఆపా దిగింది. అజీముద్దీన్ దిగాడు. బండి ఖాళీ అయింది.

"పిల్లేది ఆపా?"

"ఏ పిల్ల?" అన్నది ఆమె, చక్కెర చిలుకల పొట్లం నా చేతిలో పెడుతూ. తర్వాత నా మొహం చూసింది. ఇద్దరమూ ఆ పొట్లం వైపు చూశాం. దాన్ని ఇంకా ఎవరం పట్టుకున్నామో మాకు తెలియలేదు. కింద పడి చిలుకలు విరిగాయి.

ఆ సాయంత్రమే ఠాణాకు పోయాం. అమీను పట్నం నుంచి వచ్చినవాడు. మా మాట బాగానే మాట్లాడతాడు, వినడమే రాదు.

"ఎప్పటి నుంచి కనబడ్తలేదు?"

"మంగళారం పగటి నుంచి సాబూ."

"ఇయ్యాల బేస్తారం. రెండు దినాలు ఏం జేసిండ్రు, నిద్రపోయిండ్రా?"

"ఆపాతోని పోయిందనుకున్నం."

"పిల్ల నీ బిడ్డనేనా?"

అవునంటే పిల్ల ఎక్కడున్నా అక్కడే దానికి ఏమన్నా అవుతుంది. పక్కన అత్త నా జబ్బ గిల్లింది.

"ఖుర్షీద్ బేగం బిడ్డ," అన్నాను.

అమీను కలం ఆపాడు. "మరి నువ్వెవరు?"

"కన్నదాన్ని."

"కన్నవ్, గని నీ బిడ్డ గాదు. నిన్నేమని పిలుస్తది?"

"అక్కా అంటది."

"అమ్మినవా?"

"అమ్మిన సాబూ, చాటెడు తవుడుకు. రెండు కాన్పులు పోయినయని. మా దిక్కు అట్లనే చేస్తరు. ఐదేండ్లు నిండితే మళ్ల కొనుక్కుంటం."

ఆ తవుడు సంగతి నేను ఆ రోజు ఆరుసార్లు చెప్పాను. లెక్క పెట్టుకుని మరీ చెప్పాను. గుమ్మం దగ్గర నిలబడ్డ జవాను పేరు పెంటయ్య. ఆ పేరు ఎవరికి ఎందుకు పెడతారో మా తాలూకాలో గొడ్లు కాసేవాడికి కూడా తెలుసు. అమీను రోజుకు ఇరవైసార్లు "పెంటయ్యా, పానీ" అని కేకవేస్తాడు. అయినా నా మాట ఆయన చెవికి ఎక్కలేదు. ఎక్కినా ఎక్కనట్టే ఉన్నాడు. పిల్లను వెతకాలంటే ఎండలో తిరగాలి. నన్ను అడగాలంటే కుర్చీలో కూర్చుంటే చాలు.

"ముందుగాల పిల్లను ఎతికియ్యుండ్రి సాబూ. కామారెడ్డి తొవ్వ పొంటి ఒక్క మనిషిని పంపుండ్రి," అన్నాడు మా ఆయన చేతులు జోడించి.

"ఎతుకుడు మా పని. చెప్పుడు మీ పని. అమ్మినంక పిల్లను ఏం జేసిండ్రో చెప్పుండ్రి."

మరునాడు పొద్దున వాళ్లు మా దొడ్లోకి వచ్చారు. పెంటకుప్ప తవ్వాలన్నారు. తవ్వేది వాళ్లు కాదు, మా ఆయన. పార ఆయన చేతికే ఇచ్చారు. వాడకట్టంతా గోడల మీదుగా చూస్తుండగా, పిల్లను ఐదేండ్ల కింద పడుకోబెట్టిన ఆ కుప్పనే ఆయన తవ్వాడు. రాలిన ఆకులు, బూడిద, పగిలిన కుండపెంకులు తప్ప ఏమీ రాలేదు. నడుము లోతు పోయాక మా ఆయన పార విసిరేసి అత్త వైపు తిరిగాడు.

"నీ తవుడు తిన్న బర్రె మంచిగనే ఉన్నది అవ్వా. నా బిడ్డ ఏదే?"

మా అత్త పరుగెత్తుకుని పోయి కొడుకు నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "అనకు బిడ్డా, ఆ మాటనకు, నీ కాళ్లు మొక్కుత."

"ఎందుకు నోరు మూస్తున్నవ్ ముసల్దానా?" అన్నాడు అమీను. "ఏం దాస్తున్నవ్?"

ఏం దాస్తుందో చెప్పాం, ఏడోసారి. ఆయన పెంటయ్యతో మా ఆయన చేతులు కట్టించి ఠాణాకు తీసుకుపోయాడు. అక్కడ చింతబరికెతో కొట్టారు. ఆ చప్పుడు నేను బయట అరుగు మీద కూర్చుని విన్నాను.

మధ్యాహ్నం నన్నూ ఖుర్షీద్ ఆపానూ లోపలికి పిలిచారు. ఉర్దూలో రాసిన కాగితం నా ముందు పెట్టి వేలిముద్ర వేయమన్నారు.

"నాకు సంతకం వస్తది, తెలుగుల చేస్త," అన్నాను. "గని ఇందుల ఏమున్నదో నాకు తెల్వదు."

"నువ్వు చెప్పిందే ఉన్నది. వెయ్యి. వేస్తే నీ మొగన్ని విడుస్త."

మొగుణ్ణి విడుస్తానన్నాక ఏం రాసి ఉంటే నాకేమిటి? నేను వేలు చాపాను. ఖుర్షీద్ ఆపాకు చిన్నప్పుడు వాళ్ల నాయన ఉర్దూ నేర్పాడు. ఆమె తల వంచి కాగితం చూసింది. చూసి నా మణికట్టు పట్టుకున్నది.

"ఎయ్యకు సుభద్రా. తవుడు మాట ఇందుల లేదు. సొమ్ము తీసుకొని పిల్లను అమ్ముకున్న అని రాసిండ్రు. పిల్లను నేను కామారెడ్డిల ఎవలకో అప్పజెప్పినట్టు రాసిండ్రు."

ఆమె మాట పూర్తి కాలేదు. అమీను లేచి ఆమె ఎడమ చెంప మీద కొట్టాడు. ఒక్క దెబ్బే. ఆమె గోడకు తగిలి కింద కూర్చుంది. చెవిలోంచి సన్నగా నెత్తురు వచ్చింది. ఆమె కొంగుతో చెవి అదిమిపెట్టుకుని, రెండో చేత్తో నా మణికట్టు మాత్రం విడవలేదు.

నేను వేలిముద్ర వేయలేదు.

చీకటి పడకముందు మా ఆడవాళ్లను ఇంటికి పంపారు. మా ఆయనను ఉంచుకున్నారు. అజీముద్దీన్‌ను కూడా పట్టుకొచ్చినవాళ్లు, అమీను కొత్త కోటు అతని మిషను మీదే సగం కుట్టి ఉందని గుర్తొచ్చి, ఆదివారం లోపల కోటు ఇయ్యాలని చెప్పి విడిచిపెట్టారు. దొంగను విడవడానికి బొత్తాలు కారణమైన ఠాణా ఇంకెక్కడన్నా ఉందో లేదో నాకు తెలియదు.

ఇంటికొచ్చాక పొయ్యి ముట్టించబుద్ధి కాలేదు. అత్త గడప మీద కూర్చుని పళ్లు నూరుతోంది.

"నా మీద పడి ఏడ్వకుండ్రి. నిలవాలనే చేసిన. నిలిచింది గద ఐదేండ్లు."

"నిలిచింది అత్తా. నిలిచినదాన్ని మీరు ఇంకొకలది చేసిండ్రు. పాలిచ్చేటప్పుడు సుత నేను దాన్ని నాదని అనుకోలే. అనుకుంటే పోతదని పానం గుప్పిట్ల పెట్టుకొని ఇచ్చిన."

"నీకొక్కదానికే ఉన్నదా పానం? ఇద్దరు మనుమలను ఈ చేతుల మీదనే తీస్కపోయిన."

"ఇప్పుడది తొవ్వల ఏడ్సుకుంట నిలబడ్డదనుకోండ్రి. ఎవలన్న అడుగుతరు గద, ఎవలి బిడ్డవే అని. ఏం చెప్తది?"

"ఏం చెప్తది? నేర్పిందే చెప్తది. ఖుర్షీద్ బేగం..."

అత్త నోరు అట్లాగే తెరిచి ఉండిపోయింది.

"అమ్మీ ఏడికి పోయిందని అడిగితే?" అన్నాను మెల్లగా.

"కామారెడ్డికి అంటది," అన్నది అత్త. "బండెనుక ఉరికి ఉంటది, నా తల్లి. ఎవడో పుణ్యాత్ముడు బండెక్కించుకొని కామారెడ్డి తీస్కపోయి సాయిబుల ఇండ్లల్ల అడిగి ఉంటడు. మనం హిందువుల పిల్ల తప్పిపోయిందని చెప్పుకుంట కూసున్నం."

మూడు రోజుల్లో అమీనుకు తట్టనిది, నాకు తట్టనిది, పాఠం నేర్పిన మనిషికి తట్టింది. తట్టగానే ఆమె లేచి జొన్నరొట్టెలు మూటకట్టడం మొదలుపెట్టింది. జన్మలో మోటారు ఎక్కని మనిషి. దాని వాసనకే వాంతి చేసుకుంటుంది. శనివారం మొదటి మోటారుకు అజీముద్దీన్‌తో కలిసి ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి పోయింది. అజీముద్దీన్ అమీను కోటు చంకలో పెట్టుకుని ఎక్కాడు.

"బొత్తాలు మోటార్లనే కుడత వదినా," అన్నాడు నాతో. "ఆదివారం లోపల ఇయ్యకుంటే అదొక కేసైతది."

ఆదివారం సాయంత్రం వాళ్లు వచ్చారు. నేను ఠాణా అరుగు మీద ఉన్నాను, ఖుర్షీద్ ఆపాను అమీను మళ్లీ పిలిపించి తన గదిలో కూర్చోబెట్టాడు. అత్త నేరుగా ఠాణాకు రాలేదు. ముందు ఇంటికి పోయి, తర్వాత వచ్చింది. ఒక చంకలో పెంటవ్వ, ఇంకో చంకలో చాట, చాట మీద గుడ్డ కప్పి ఉంది. పిల్ల ఒంటి మీద ఎవరిదో పచ్చ కుర్తా. చేతిలో ఇంకా ఆ చింతగింజల మూట.

"అక్కా, మా అమ్మీ ఏది?" అన్నది నన్ను చూసి.

అత్త చెప్పిన సంగతి ఇది. పిట్లం నుంచి ధాన్యం బండ్లు తోలుకొస్తున్న మైసన్న అనే ఆయన తోవలో ఏడుస్తున్న పిల్లను చూసి ఎవరి బిడ్డవని అడిగాడు. అది పాఠం అప్పజెప్పింది. ఆయన ఆ రాత్రికే కామారెడ్డిలో రైలు స్టేషను దగ్గరి గల్లీలో జన్నత్ బీ అనే పెద్దావిడకు అప్పగించి, ఖుర్షీద్ బేగం అనే ఆమెను వెతికి ఇయ్యమని చెప్పిపోయాడు. ఆమె మరునాడే అక్కడి చౌకీలో రాయించింది. అక్కడి నుంచి కాగితం ఇక్కడికి వచ్చింది కూడా. ముసల్మాను పిల్ల, నాలుగైదేండ్లు, తల్లి ఖుర్షీద్. గురువారం నేను అమీను ఎదుట నిలబడి తవుడు గురించి చెబుతున్నప్పుడు ఆ కాగితం ఆయన సిరాబుడ్డి కింద ఉన్నది. ఇది మేం లోపలికి పోయాక ఆయన తానే చెప్పాడు, సిగ్గు లేకుండా.

"అది ముసల్మాను పిల్లని రాసి ఉన్నది. మీ కేసు వేరే. ఈ పిల్ల ఖుర్షీద్ బేగం బిడ్డ. నువ్వే చెప్పినవ్, పిల్లా చెప్తున్నది. ఖుర్షీద్ తీస్కపోవచ్చు. నీ బిడ్డ సంగతే తేలాలె. అది తేలేదాంక నీ మొగడు ఈడనే ఉంటడు."

ఇంతకన్నా తల గోడకు కొట్టుకోవడం సులభం. పిల్ల కళ్లముందు నిలబడి చింతగింజలు లెక్కపెట్టుకుంటోంది. లోపల మా ఆయన నడుము పట్టుకుని కూర్చుని ఉన్నాడు. అమీను నా వైపు చూస్తున్నాడు, నేనేమంటానో తెలిసినట్టు. ఒక్క మాట అంటే అన్నీ తేలతాయి. ఆ మాట అనడానికి నాలుగు నెలలు తక్కువ.

అప్పుడు మా అత్త చాట మీది గుడ్డ తీసింది. తవుడు. గోడకు ఆనుకుని కూర్చున్న ఖుర్షీద్ ఆపా దగ్గరికి పోయి, ఆమె కొంగు పరిచి, చాటెడు తవుడూ అందులో పోసింది.

"ఇగో ఖుర్షీదూ, నీ తవుడు నీకు. మా పిల్ల మాకు. నాలుగు నెలలు ముందుగాల ఇస్తున్న. ఏమన్న అయితే నా మీదికి రావాలె గని దాని మీదికి పోవద్దు."

ఖుర్షీద్ ఆపా కొంగులోని తవుడు చూసుకుని, చెయ్యి చాపి పెంటవ్వ తల నిమిరింది. "ఇచ్చిన," అన్నది. "అక్క దగ్గరికి పో బిడ్డా."

"చెప్పవే," అన్నది అత్త నాతో. "చెప్పు. ఇగ నీదే."

"నా బిడ్డ," అన్నాను.

ఐదేండ్లు దాచుకున్న మాటే కదా, బయటికి వచ్చేటప్పుడు పెద్దగా ఏమీ ఉండదనుకున్నాను. అనగానే పిల్లను పట్టుకుని నేలమీద కూర్చున్నాను. లోపల మా ఆయన చిన్నపిల్లవాడిలాగా ఏడుస్తున్నది వినపడింది.

"ఇది మొదటినాడే చెప్తే అయిపోవు గద," అన్నాడు అమీను.

"మొదటినాడే చెప్పిన సాబూ. మీరే రాయలే."

ఆయన మళ్లీ కలం తీశాడు. గుమ్మం దగ్గరి నుంచి జవాను గొంతు వినపడింది. ఆ నాలుగు రోజుల్లో అతను మాట్లాడింది అదే మొదటిసారి.

"హుజూర్, నన్ను మా అవ్వ రెండు చాటల తవుడుకు కొన్నది. నా పేరు పెంటయ్య."

అమీను కలం కింద పెట్టి, చెయ్యి ఊపి అందరినీ పొమ్మన్నాడు. పోయేముందు కోటు ఏదని అజీముద్దీన్‌ను అడిగాడు.

ఇంటికి వచ్చాక అత్త మా ఆయన నడుముకు పసుపు, ఉప్పు కాచి కాపడం పెట్టింది. "కొట్టినోని చేతులు పడిపోను," అని తిడుతూనే, "ముందు నా నోరు పడిపోవాలె," అని కండ్లు ఒత్తుకుంది. ఆయన తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "నీ తిట్లు ఆపు అవ్వా, ఉప్పు చల్లారుతున్నది," అన్నాడు. ఆ రాత్రి మా ముగ్గురి నడుమ పెంటవ్వ పడుకుంది.

ఇప్పటికి రెండేండ్లు. పిల్ల బాగున్నది. దానికి తుమ్ము వచ్చినా ఆ నాలుగు నెలలు నాకు గుర్తొస్తాయి. నన్ను ఇంకా అక్కా అనే పిలుస్తుంది, అలవాటు పోలేదు. జ్వరం వచ్చినప్పుడు మాత్రం "అమ్మా" అంటుంది. అది విని సంతోషపడాలో భయపడాలో తెలియక తెల్లవారే దాకా నుదురు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటాను.

కానీ ఆ కాగితం ఠాణాలో అట్లాగే ఉండిపోయింది. మా పేర్లు కొట్టేశారు, ఖుర్షీద్ ఆపా పేరు కొట్టలేదు. ఎక్కడ పిల్లలు తప్పిపోయినా అజీముద్దీన్‌కు పిలుపు వచ్చేది. విసిగి వాళ్లు ఇల్లు అమ్ముకుని కామారెడ్డికి పోయారు. పోయేముందు ఆమె, ఆనాడు ఠాణాలో మా అత్త తన దగ్గర మరిచిపోయిన చాటను గోడ మీదుగా ఇచ్చింది. "నీది నీ దగ్గర్నే ఉండని," అన్నది. నాకు ఉర్దూ రాదు, ఆమెకు తెలుగు రాయడం రాదు. రాయించిన రెండు ఉత్తరాలకూ జవాబు లేదు. అత్తకు కాళ్లు పడిపోయాయి, నేను ఇల్లు కదలలేను.

మీరెవరైనా కామారెడ్డి దిక్కు పోతే, రైలు స్టేషను వెనుక గల్లీలో అజీముద్దీన్ దర్జీ ఇల్లు అడగండి. ఖుర్షీద్ బేగం ఎట్లున్నదో ఒక్కసారి చూసి రండి. ఎడమవైపు నుంచి పిలిస్తే ఆమెకు వినపడదు. కుడిపక్కన నిలబడి పిలవండి. పెంటవ్వ బాగున్నదని చెప్పండి.